మా నాన్న మతిమరుపు

మా నాన్న కోలోమాన్ జిగాకు పర్సు మరిచిపోయే జబ్బుందని మా వాడలో పాకే పిల్లలకు కూడా తెలుసు. నా చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ కొట్టు గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. అక్కడ ఆగి, లోపలికోసారి చూసి, జేబులు తడుముకుని, "అయ్యో తల్లీ, పర్సు ఇంట్లో మరిచిపోయానే" అని వెనక్కి తిప్పేవాడు. సినిమా హాలు దగ్గరా అదే వరస, స్టేషను పక్కన కేకుల దుకాణం దగ్గరా అదే వరస. తిరిగొచ్చేటప్పుడు మా వాడ మొదట్లో ఉన్న కొట్లో చాక్లెట్టు ఇప్పించేవాడు. అక్కడైతే అరువిస్తారని చెప్పేవాడు.

పెళ్ళిళ్ళలో మా బాబాయి ఓందర్ తాగి, లేచి నిలబడి, అచ్చం నాన్నలాగే జేబులు తడుముకుంటూ నడిచి చూపించేవాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నాన్న కూడా నవ్వేవాడు. కొందరు పిసినారి అనేవారు. నేనూ అనేదాన్ని, ఆయన వినేటట్టే. మొదటి జీతం అందినప్పుడు మెడలో వేలాడేసుకునే తాడున్న పర్సు ఒకటి కొని, చుట్టాలందరి ముందూ ఆయన మెడలో వేశాను. ఆ రోజంతా అదే హాస్యం.

మేము రోమా వాళ్ళం, బయటివాళ్ళు జిప్సీలంటారు. స్లొవాకియాలో తూర్పు మూల, వాగుకి ఇవతల మేము, అవతల ఊరు. ఊరి చివర గుట్ట మీద వేడినీటి కొలనుంది. బస్సుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి అందులో మోకాళ్ళ నొప్పులు పోగొట్టుకుంటారు. మా వాళ్ళెవరూ అందులో మునిగినట్టు నేను వినలేదు. నాన్న దిగాడు గాని, నీళ్ళు లేనప్పుడు. తను పనిచేసే రోడ్ల శాఖ వాళ్ళతో పాటు అడుగున పలకలు అతకడానికి, సిమెంటు బస్తా మోసుకుని, వెనక గేటు నుంచి.

రోమా వాళ్ళు రాకూడదని బోర్డు ఎక్కడా లేదు. ఉంటే తెరేజియా పని ఒక్క ఫోటోతో అయిపోయేది. ఆవిడ కోషిత్సె నగరం నుంచి వచ్చే లాయరు. మా వాళ్ళందరికీ లాయరమ్మ. ఏం పెడితే అది తినేది. మా అమ్మ కాల్చే మారిక్లె రొట్టెని వెల్లుల్లి రాసుకుని మాకంటే ఇష్టంగా తినేది. అందుకే మా వాడలో ఆవిడ మాట చెల్లింది.

ఆవిడ చెప్పింది ఒకటే. మాకు అవమానం జరిగిందని ఏడిస్తే కోర్టు జాలిపడుతుంది గాని తీర్పివ్వదు. మాలాంటి ఇంకొకళ్ళు, అదే వయసు, అదే బట్టలు, అదే మాట అడిగినవాళ్ళు, ఒక్క ఒంటిరంగు మాత్రమే తేడా ఉన్నవాళ్ళు, అదే గుమ్మంలో వాళ్ళకి వేరే మర్యాద దొరికిందని చూపించాలి. అందుకని ఒక తెల్ల తండ్రీ కూతుళ్ళని వెతికి తెచ్చింది. వాళ్ళు ముందు వెళ్ళి టికెట్టు అడుగుతారు. వెనకే మేము వెళ్ళి అడుగుతాం. నా సంచిలో రికార్డరు ఉంటుంది.

నాన్నని ఒప్పించింది నేనే. వాడలో ఆయనకంటే మచ్చలేని మనిషి లేడు. రిటైరయ్యేదాకా ఒక్కరోజు పనికి ఎగ్గొట్టలేదు, పోలీసు గుమ్మం తొక్కలేదు. "ఈ వయసులో నాకు ఈతేమిటే" అని గొణిగాడు. నేను ఊరుకోలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమ్మ ఎప్పుడూ అంటుంది, నిజమే. మనలాంటివాళ్ళు ముందుకు రాకపోతే ఎప్పటికీ ఇంతేనని గట్టిగా ఉపన్యాసమిచ్చాను. ఆయన తలూపాడు.

కారులో కూర్చోబెట్టి తెరేజియా మాకు తర్ఫీదిచ్చింది. టికెట్లమ్మే ఆవిడ వేషం తనే వేసింది. "అడగాలి. అడిగాక జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. వద్దన్న మాట వాళ్ళ నోటి నుంచే రావాలి. మీరు అందించకూడదు" అంది. కారులో నాన్న ఎంత బాగా చేశాడో. "రెండు టికెట్లు ఇవ్వండమ్మా" అని, ఆవిడ కాదంటే, "ఎందుకండీ?" అని మర్యాదగా అడిగాడు. టికెట్ల డబ్బు తెరేజియా తన చేత్తోనే ఆయన చొక్కా జేబులో పెట్టింది.

తెల్లవాళ్ళిద్దరూ టికెట్లు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మేము కిటికీ దగ్గరికి వెళ్ళాం. అద్దం వెనక క్వెతా కూర్చుంది. మా అమ్మ ఈడు మనిషి, నాన్న పేరు తెలిసిన మనిషి. తలెత్తి నాన్న వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆమె నోరు తెరవబోయింది. అంతే. నాన్న చెయ్యి జేబు మీదికి పోయింది.

"అయ్యో, పర్సు ఇంట్లో మరిచిపోయాను" అన్నాడు. "ఇంకోరోజు వస్తాంలెండి క్వెతా గారూ."

"పర్లేదు కోలోమాన్" అందామె. ఎంత తీయగా అందో రికార్డరులో ఇప్పటికీ ఉంది.

నా మోచెయ్యి పట్టుకుని నాన్న నన్ను తిప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు దగ్గర తెరేజియా ముందే అరిచాను. డబ్బు జేబులో పెట్టుకుని ఈ నాటకమేమిటన్నాను. ముసలాడివైపోయావన్నాను. ఆయన చొక్కా జేబులోంచి ఆ నోటు తీసి, మడత విప్పకుండా తెరేజియాకి తిరిగిచ్చేశాడు.

తర్వాతి వారం నేను మా పిన్ని కూతురితో వెళ్ళాను. క్వెతా ఈసారి స్పష్టంగా చెప్పింది, ఈ రోజు సభ్యులకి మాత్రమేనని. మా వెనకే వచ్చిన ఆ తెల్ల తండ్రీ కూతుళ్ళకి టికెట్లు ఇచ్చింది. వాళ్ళకి సభ్యత్వం లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. కేసు వేశాం.

జిల్లా కోర్టులో కొలను తరఫు లాయరు ఒక చిన్న కోరిక కోరాడు. రెండో రికార్డింగు సరే, మొదటిది కూడా వినిపించమన్నాడు. తెరేజియా రెండూ ఇచ్చింది. దాచే మనిషి కాదు ఆవిడ. గది నిండా మా వాడ వాళ్ళున్నారు. నా చెప్పుల చప్పుడు వినబడింది, ఆ తర్వాత నాన్న గొంతు: "అయ్యో, పర్సు ఇంట్లో మరిచిపోయాను."

ముందు నవ్వింది మావాళ్ళే. ఓందర్ బాబాయి కిసుక్కుమన్నాడు. ఎన్నేళ్ళుగానో పెళ్ళిళ్ళలో నవ్విన నవ్వు కదా, ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు బల్లలన్నీ దాటుకుంటూ తెల్లవాళ్ళ వైపుకి పోయింది. జడ్జీ కూడా పెదవి కొరుక్కున్నాడు.

ఎవరైనా వద్దన్నారా అని లాయరు అడిగాడు. లేదన్నాడు నాన్న. మరెందుకు వెళ్ళిపోయారని అడిగాడు. "మతిమరుపండీ" అన్నాడు నాన్న. ఆయనకి డబ్బు తన చేత్తోనే ఇచ్చానని తెరేజియా లేచి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు నాన్న ఏం చేశాడంటే, చేతులు రెండూ బల్ల కిందికి పెట్టేసుకున్నాడు. తలకొట్టేసినట్టయింది నాకు. ఇంటికి బస్సులో ఆయన పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

తీర్పు వచ్చింది. కోలోమాన్ జిగా తనంతట తానే వెళ్ళిపోయాడు. రెండో రోజు జరిగింది టికెట్ల కిటికీలో ఒక ఉద్యోగి పొరపాటు. సభ్యులు కానివాళ్ళని లోపలికి పంపడమే ఆ పొరపాటు. పైగా ఇన్నేళ్ళలో రోమా వాళ్ళెవరూ తమకి ప్రవేశం దొరకలేదని ఫిర్యాదు చెయ్యలేదు, కనుక వాళ్ళకి కొలను మీద ఆసక్తి ఉన్నట్టు ఆధారం లేదు. పై కోర్టు కూడా అదే మాట అంది. దాని పై కోర్టు కూడా అదే అంది. అడగలేదు కాబట్టి కాదనలేదట.

ఇక మిగిలింది స్ట్రాస్‌బూర్గ్. అక్కడున్న యూరప్ దేశాల మానవ హక్కుల కోర్టు మా లాంటివాళ్ళని పిలిచి బోనులో నిలబెట్టదనీ, మేం చెప్పినవన్నీ కాగితం మీదే చదువుకుంటారనీ తెరేజియా చెప్పింది. "నా మొహం చూడకుండానే తేలుస్తారా?" అన్నాడు నాన్న. "అయితే మరీ మంచిది."

ఆ సాయంత్రం మా వంటింట్లో కూర్చున్నాం. నా కూతురు ఇలోన్క అప్పటికి పాలు తాగే పిల్ల, నా ఒళ్ళో నిద్రపోతోంది. అమ్మ కాఫీ కాచింది. తెరేజియా విషయం తేల్చి చెప్పింది. జరిగింది ఒక్కరోజు పొరపాటు కాదు, ఈ ఊరి పద్ధతే ఇంత అని మనం చూపించగలిగితే, కాదని రుజువు చేసుకునే బరువు ప్రభుత్వం నెత్తిన పడుతుంది. కాని వాళ్ళ దగ్గర ఒకే ఒక్క బాణం ఉంది, ఎవరూ అడగనే లేదని. మీ వాళ్ళు ఎందుకు అడగరో చెప్పాలి. అది కోలోమాన్ గారు చెబితేనే నిలబడుతుంది, ఎందుకంటే రికార్డింగులో ఉన్న గొంతు ఆయనదే.

నాన్న కాఫీ తాగేసి కప్పు పక్కకి జరిపాడు. ఒక బేరం పెట్టాడు.

"లాయరమ్మా, క్వెతా నన్ను తిట్టిందని రాసుకో. సంతకం పెడతా. పొమ్మంది, మెడపట్టి గెంటారు అని రాసుకో. దానికీ పెడతా. నేనే వెళ్ళిపోయానని మాత్రం నా చేత చెప్పించకు."

"అది అబద్ధం కదండీ."

"అబద్ధానికి నాకు సిగ్గు లేదమ్మా. నిజానికే సిగ్గు."

ఒక్క అబద్ధం దొరికిందంటే మిగతా నిజమంతా దాంతోనే కొట్టుకుపోతుందని తెరేజియా అంది. కాగితాలు సర్దుకోసాగింది. నాకు ఉండబట్టలేదు. ఇంత చేసీ ఆ మతిమరుపు నాటకం వల్లే పోతుందా అని నా గొంతు లేచింది. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నాన్న దాన్ని చూశాడు. దాన్ని చూస్తూనే మాట్లాడాడు, నా వైపు తిరగలేదు.

"నాకు మతిమరుపేం లేదే" అన్నాడు. "నా పర్సు నేనెప్పుడూ మరిచిపోలేదు. ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర నీకు మూడేళ్ళో నాలుగేళ్ళో. లోపలున్నవాడు మనల్ని చూసి చేతిలో గరిటె కింద పెట్టాడు. వాడేం అంటాడో నాకు తెలుసు. నీకు అప్పుడే మాటలు అర్థమవుతున్నాయి. వాడు అనేలోపు నేను అనేశాను, పర్సు మరిచిపోయానని. నువ్వు ఏడవలేదు. నాన్న మొద్దు అని నవ్వావు. బాగానే ఉంది కదా అనుకున్నా. అదే అలవాటైపోయింది. సినిమా దగ్గరా, అన్నిచోట్లా. పర్సు జేబులోనే ఉండేది. వాడ కొట్టు దగ్గర అందులోంచే తీసి ఇచ్చేవాణ్ణి, నీకు కనబడకుండా."

నాన్న పిల్ల వైపే చూస్తూ మళ్ళీ అందుకున్నాడు.

"ఆ రోజు కొలను దగ్గర కూడా లాయరమ్మ చెప్పిందంతా గుర్తుంది. నువ్వు పక్కన ఉన్నావు. క్వెతా నోరు తెరిచింది. చెయ్యి దానంతట అదే పోయింది."

అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడిపోయింది. ఆమెకి ముందునుంచీ తెలుసని నాకప్పుడు అర్థమైంది. తాడున్న పర్సు మెడలో వేసి అందరం నవ్విన రోజు ఆవిడ ఒక్కతే నవ్వకుండా గిన్నెలు కడగడానికి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది. పిసినారి అని ఆయన మొహం మీదే అన్న నోరు నాదే కదా అని సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన్ని ఓదార్చడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. పిల్లని భుజానేసుకుని ఊరికే తడుతూ కూర్చున్నాను.

ఇవే మాటలు రాసుకోవచ్చా అని తెరేజియా అడిగింది. నాన్న సరేనన్నాడు. మా భాష రోమానీలో అయితేనే సరిగ్గా వస్తుందని అందులో ఆయన మళ్ళీ చెప్పాడు, నేను స్లొవాక్‌లోకి మార్చి చెప్పాను, ఆవిడ రాసుకుంది. ఒక్కో వాక్యం నా నోటితో పలకాల్సి రావడమే నాకు పడ్డ శిక్ష.

ఇది వాడలో పాకకుండా ఉంటుందా. మర్నాడు ఓందర్ బాబాయి వచ్చాడు. గుమ్మంలో టోపీ తీసి నలుపుతూ నిలబడ్డాడు. కోర్టులో నవ్వినందుకు ఏదో అంటాడనుకున్నాను. అది కాదు.

"నాది బస్సు" అన్నాడు. "ఎక్కడికెళ్ళినా బస్సుకి టైమైపోయిందంటా. రాసుకుంటారా అది?"

తర్వాత మా పిన్ని వచ్చింది. ఆవిడది పిల్లల దగ్గు. పిల్లలకి దగ్గుగా ఉంది, చల్లటివి తినకూడదు, నీళ్ళల్లో దిగకూడదు. ఆవిడ పిల్లలకి జన్మలో దగ్గు రాలేదు. పక్కింటి అర్పాద్ అసలు తనకి కాఫీ పడదంటాడట. ఇంట్లో కుండెడు తాగుతాడు. వాళ్ళావిడ చర్చిలో ఆఖరి బల్ల దగ్గరే ఆగిపోయి, ముందుకెళ్తే తనకి గాలాడదంటుందట. వంటిల్లు నిండిపోయింది. ఒకళ్ళు చెబుతుంటే ఇంకొకళ్ళకి నవ్వు. "నీకు గాలాడకపోవడమేమిటే, ఇటుకబట్టీలో పనిచేసినదానివి" అని ఎవరో అన్నారు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది, ఎవరి వైపు ఎవరూ చూడలేదు. ఒకే వాడలో ఇన్నేళ్ళు గోడకి గోడ ఆనించుకుని బతికాం, ఎవరి సాకు వాళ్ళే దాచుకున్నాం. తెరేజియా రాస్తూనే ఉంది.

ఆ మాటలన్నీ స్ట్రాస్‌బూర్గ్ వెళ్ళాయి. ప్రభుత్వం జవాబిచ్చింది, మేము జవాబిచ్చాం. ఇలోన్క నడిచింది, మాటలు నేర్చింది, పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. అప్పుడు తీర్పొచ్చింది. వద్దనిపించుకుంటామని ముందే తెలిసినవాడు అడక్కుండా వెనక్కి తిరిగితే, దాన్ని అతని ఇష్టం అనకూడదని ఆ న్యాయమూర్తులు రాశారు. అలా ఎవరూ అడగని పరిస్థితి ఎందుకొచ్చిందో ప్రభుత్వం చెప్పలేకపోయిందని రాశారు. వివక్ష రుజువైంది. తెరేజియా ఫోన్లో చదువుతూ ఏడ్చింది. నాన్న అంతా విని, "నా పేరు కూడా వేశారా అందులో?" అని అడిగాడు. వేశారని చెబితే, ఆ రోజంతా ఇంట్లోంచి బయటికి రాలేదు.

వేసవిలో కొలనుకి వెళ్దామన్నది ఆయనే. తాడున్న ఆ పర్సు వెతికి తీసి మెడలో వేసుకున్నాడు. కిటికీలో ఇంకా క్వెతాయే ఉంది. ఆయన నిదానంగా పర్సు తెరిచి, "మూడు టికెట్లు" అన్నాడు. ఆమె తలెత్తకుండా ఇచ్చేసింది. తను అతికిన పలకల మీద నాన్న మొట్టమొదటిసారి నీళ్ళలో నిలబడ్డాడు, పాదంతో తడిమి చూశాడు. గట్టు పక్కన నీళ్ళలోనే కట్టిన అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన మొహం చూసి, పోనీలే, అంతా దీనికోసమే అనుకున్నాను.

ఇలోన్క ఒక తెల్లపిల్లతో బంతాట మొదలుపెట్టింది. ఇద్దరూ కేరింతలు కొడుతున్నారు. ఇంతలో ఆ పిల్ల తల్లి వచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని, మెల్లిగా గట్టెక్కించి తీసుకెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. మా పక్కనున్న ముసలాయన మోకాళ్ళు రుద్దుకుంటూ లేచాడు. ఇంకో ఇద్దరు అవతలి ఒడ్డుకి వెళ్ళారు. కాసేపటికి ఆ మూలంతా మేము ముగ్గురమే మిగిలాం. ఎవరూ ఏమీ అనలేదు. ఏ రికార్డరుకీ దొరకదు ఇది.

ఇలోన్క బంతి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అమ్మా, అదెందుకు వెళ్ళిపోయింది?"

మొహమంతా సెగలు కక్కింది నాకు. నాన్న చూడకముందే, ఆయనకి ఇది తెలియకముందే బయటపడాలనుకున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"మనం కూడా వెళ్దాం బంగారం. అమ్మ తువ్వాళ్ళు ఇంట్లో మరిచిపోయింది."

నాన్న కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు. కోపంగా కాదు, నేను ఒళ్ళో పట్టేంత చిన్నదాన్నన్నట్టు చూశాడు.

"తువ్వాళ్ళు సంచిలోనే ఉన్నాయి తల్లీ" అన్నాడు. "నేనే పెట్టాను."

నీళ్ళలో పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. నేను కూర్చున్నాను. ఇలోన్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, బంతిని చంకలో పెట్టుకుని, అదే మాట మళ్ళీ అడిగింది.